పదహారో స్థానం

ఈ ఏడు సావనీరుకు ఏదైనా వ్రాసి ఇమ్మని విద్యార్థి సంఘం కార్యదర్శి ఫోను చేశాడు. పాత విద్యార్థుల పేజీలు రెండు మూడు ఖాళీగా ఉన్నాయట. "ఏం వ్రాయమంటావు బాబూ?" అంటే, "మీ ఇష్టం సార్, స్ఫూర్తిదాయకంగా ఉంటే చాలు" అన్నాడు. కుర్రవాడు మర్యాదస్తుడే. కాని ఆ మాటంటే నాకు చిన్నప్పటినుంచీ గుబులు. మా ఊళ్ళో ఎవరి పిల్లవాడికైనా లెక్కల్లో మార్కులు తగ్గితే వాళ్ళ నాన్న నావైపు వేలు చూపించి, "వాణ్ణి చూసైనా సిగ్గు తెచ్చుకోరా, ఒంటిచేత్తో వాడు..." అని తన్నులు మొదలుపెట్టేవాడు. ఆ పిల్లలు నన్ను ఎంత ప్రేమగా చూసుకొనేవారో మీరే ఊహించుకోండి.

నాకు ఎడమచెయ్యి మోచేతి కింద నాలుగంగుళాల దగ్గర ఆగిపోతుంది. పుట్టుకతోనే అంత. నాతో చదివినవాళ్ళకిది తెలుసు. ఇప్పటి విద్యార్థులకు తెలియదు కనుక ఒక మాట అనేసి పక్కన పెడుతున్నాను. ఎందుకంటే నేను వ్రాయదలచుకొన్నది నటాలీ డు టాయ్ అనే దక్షిణాఫ్రికా ఈతగత్తె గురించి. మన పత్రికలవాళ్ళు డు టోయిట్ అని వ్రాసేవారు. వాళ్ళ దేశంలో టాయ్ అంటారట.

అయితే నీళ్ళ సంగతి కొంచెం చెబితే గాని ఆవిడ చేసిందేమిటో తెలియదు. అందుకని ముందు మా కాలువ దగ్గరికి వెళ్ళక తప్పదు.

మాది గోదావరి డెల్టాలో పంటకాలువ ఒడ్డున ఉన్న ఊరు. వేసవిలో కాలువ కట్టేసినప్పుడు దాని అడుగున బిళ్ళంగోడు ఆడేవాళ్ళం. నీళ్ళు వదిలిన రోజున ఊరి పిల్లలంతా వంతెన మీదికి చేరేవాళ్ళు. ఈత నేర్పడానికి అరటిబోదె ఇచ్చి దింపేవారు. బోదెను రెండు చేతులా కావలించుకోవాలి. నాకది జారిపోయేది. మా మేనమామ చూసి చూసి, "బోదె లేదు గీదె లేదు, దిగరా" అని నా నడుముకు తువ్వాలు కట్టి, కొస తాను పట్టుకొని దింపాడు.

ఒక చేత్తో బార వేస్తే మనిషి తిన్నగా పోడు. చెయ్యి లేనివైపుకు తిరిగిపోతాడు, ఒంటి తెడ్డు వేసిన పడవలాగా. పదిరోజులపాటు నేను ఆ రేవు దగ్గర గుండ్రంగా తిరిగాను. బట్టలుతుక్కొనే ఆడవాళ్ళు నవ్వుకొనేవాళ్ళు. మామయ్య మెట్లమీద కూర్చుని చుట్ట కాలుస్తూ, "ఒరే, గానుగెద్దులా తిరక్కు. చెయ్యి పక్కకు కాదు, బొడ్డు కిందికి లాగు" అన్నాడు. ఆయన చదివింది అయిదో తరగతి. బలం శరీరం మధ్యరేఖకు ఎంత దగ్గరగా పనిచేస్తే అంత తక్కువగా మనిషిని తిప్పుతుందని నాకు బి.ఎస్సీ. రెండో సంవత్సరంలో గాని తెలియలేదు. ఆ వానాకాలం వెళ్ళేలోపల నేను లాకుల దాకా ఈదుకొనిపోయి గట్టుమీద నడిచి వచ్చేవాణ్ణి.

ఇక 1976. నేను మన కళాశాలలోనే ఉన్నాను. ఈత పోటీలు జరిగాయి. ఎక్కడ, ఎవరి ఆధ్వర్యాన అన్నది చెప్పను, దానివల్ల ఇప్పుడెవరికీ లాభం లేదు. పేర్లు వ్రాసుకొనే పెద్దమనిషి నన్ను పైనుంచి కిందికి చూసి, "బ్రెస్ట్ స్ట్రోక్‌కు కుదరదోయ్, గోడను రెండు చేతులతో ఒకేసారి ముట్టుకోవాలి" అన్నాడు. ఆ మాట నిజమే, రూలు అలాగే ఉంది. "అయితే ఫ్రీస్టైల్‌కు వ్రాసుకోండి సార్" అన్నాను. ఫ్రీస్టైల్లో శరీరంలో ఏ భాగం తగిలినా చాలు. ఆయన కలం మూసేశాడు. "ఏదైనా అయితే ఎవరయ్యా పూచీ?" అన్నాడు. తరువాత కొంచెం మెత్తబడి, "పోనీ ఒక పని చేద్దాం. పోటీలన్నీ అయ్యాక ముఖ్య అతిథి గారి ముందు నువ్వొక్కడివే ఒక లెంగ్తు ఈదు. అందరూ చప్పట్లు కొడతారు" అన్నాడు.

నేను వద్దన్నాను. గడియారం లేకుండా ఈదడం కాలువలో ఈదలేకనా?

తమాషా ఏమిటంటే, ఆ 1976లోనే కెనడాలోని టొరంటోలో జరిగిన వికలాంగుల ఒలింపిక్స్‌లో మొదటిసారిగా చెయ్యో కాలో లేనివాళ్ళను పోటీకి రానిచ్చారు. 1960లో రోములో మొదలైన ఆ పోటీలు అంతవరకూ చక్రాల కుర్చీలవాళ్ళకే. మన మురళీకాంత్ పేట్కర్ 1972లో హైడెల్‌బర్గ్‌లో 50 మీటర్ల ఈతలో బంగారు పతకం గెలిచింది కూడా ఆ వరసలోనే. 1965 యుద్ధంలో తూటాలు తగిలిన సైనికుడాయన. ఈ రెండు సంగతులూ మా హాస్టల్లో ఒక్కడికి తెలిస్తే ఒట్టు. పేట్కర్‌కు పద్మశ్రీ రావడానికే 2018 దాకా పట్టింది, ఇక మా హాస్టలు వాళ్ళననేం లాభం!

ఇప్పుడు నటాలీ దగ్గరికి వస్తాను. ఆమె 1984 జనవరి 29న కేప్‌టౌన్‌లో పుట్టింది. పుట్టుకతో అవయవాలన్నీ ఉన్న పిల్ల. 14 ఏళ్ళకే 1998లో కౌలాలంపూర్ కామన్వెల్త్ క్రీడలకు దేశం తరఫున వెళ్ళింది. సిడ్నీ ఒలింపిక్స్‌కు ప్రయత్నించింది గాని కొద్దిలో తప్పిపోయింది. పదహారేళ్ళ పిల్లకు నాలుగేళ్ళు ఆగడం పెద్ద పనేమీ కాదు. ఎటూ ఏథెన్స్ ఉంది కదా. ఈలోగా 2001 ఫిబ్రవరి 26న ఈత సాధన ముగించుకొని స్కూటరు మీద బడికి పోతుండగా కారు గుద్దింది. ఎడమకాలు మోకాలి దగ్గర తీసేయవలసి వచ్చింది. అప్పటికి ఆమెకు 17 ఏళ్ళు.

మూడు నెలలకు, ఇంకా నడక రాకముందే, మళ్ళీ కొలనులో దిగింది. ఈ ఒక్క ముక్క పట్టుకొనే పత్రికలవాళ్ళు కన్నీళ్ళు కారుస్తూ పేజీలు నింపారు. నాకు మాత్రం ఇందులో ఆశ్చర్యం కనిపించదు. నడవడానికి కాలు కావాలి, ఈదడానికి అంత అక్కర లేదు. కాలు తెగినదానికి నేలమీద ప్రతి అడుగూ కొత్త పాఠం. నీళ్ళు మాత్రం పాత చుట్టాలే. మా కాలువలో దిగినప్పుడు నేనూ అంతే, గట్టుమీద బొత్తాలు పెట్టుకోవడానికి పడే అవస్థ నీళ్ళలో ఉండేది కాదు.

నన్నడిగితే ఆశ్చర్యం మరుసటి ఏడాది 2002లో మాంచెస్టర్‌లో ఉంది. ఆ కామన్వెల్త్ క్రీడల్లోనే మొదటిసారి వికలాంగుల పోటీల పతకాలను కూడా దేశాల పతకాల లెక్కలో కలిపారు. నటాలీ అందులో 50, 100 మీటర్లలో బంగారు పతకాలు గెలిచింది. అక్కడితో ఆగలేదు. 800 మీటర్ల ఫ్రీస్టైల్లో రెండు కాళ్ళున్నవాళ్ళతో కలిసి ఈది ఫైనల్ చేరి ఎనిమిదో స్థానంలో నిలిచింది. ఆ క్రీడల్లో అత్యుత్తమ క్రీడాకారులకిచ్చే డేవిడ్ డిక్సన్ అవార్డు అప్పుడే పెట్టారు, మొట్టమొదట అందుకొన్నది ఆవిడే.

ఇప్పుడు మనవాళ్ళు చాలామందికి గుర్తులేని సంగతి ఒకటి చెబుతాను. ఈ నటాలీ మన హైదరాబాదు వచ్చింది. 2003 అక్టోబరు 24 నుంచి నవంబరు 1 దాకా ఆఫ్రో ఏషియన్ క్రీడలు జరిగాయి, జ్ఞాపకముందా? మొదటివీ అవే, ఆఖరివీ అవే. మళ్ళీ ఎక్కడా జరగలేదు. అప్పుడు నేను హైదరాబాదులోనే ఉద్యోగం చేస్తున్నాను. ఇంటర్ చదువుతున్న మా అమ్మాయిని వెంటబెట్టుకొని గచ్చిబౌలి వెళ్ళాను. ఆ రోజుల్లో గచ్చిబౌలి అంటే ఊరవతల, బస్సు దిగి రాళ్ళ మధ్యన నడవడమే.

ఆమె కృత్రిమ కాలు విప్పి పక్కన పెట్టి దిమ్మె ఎక్కింది. పోటీల్లో కృత్రిమ అవయవం పెట్టుకొని నీళ్ళలో దిగనివ్వరు. ఒంటికాలి మీద నిలబడి వంగింది. మా వెనక వరసలో ఎవరో "అయ్యో పాపం" అన్నారు. ఆ మాట ఆఫ్రికాలో ఏమంటారో తెలియదు గాని, అక్కడా వినే ఉంటుందని అనుకొన్నాను.

"నాన్నా, 800 అంటే 16 లెంగ్తులు. అంటే 15 సార్లు గోడను తన్నాలి. ఒక్క కాలితో ఎలా?" అంది మా అమ్మాయి. సరిగ్గా కష్టమున్నది అక్కడే. జనం అనుకొంటారు, ఈతలో కాళ్ళు తపతప కొట్టడమే పెద్ద పని అని. దూరపు ఈతలో కాళ్ళు ముఖ్యంగా నడుము కుంగకుండా, ఒళ్ళు పక్కకు ఒరగకుండా చూస్తాయి, ముందుకు లాగేది భుజాలు. కాళ్ళ బలం అసలు ఖర్చయ్యేది దిమ్మె మీదినుంచి దూకేటప్పుడు, గోడ దగ్గర మలుపు తిరిగి తన్నేటప్పుడు. రెండు కాళ్ళవాడు ఒక్క తన్నుకు ఎంత దూరం జారిపోతాడో ఒంటికాలివాడు అంత పోలేడు. అదీకాక ఒకవైపే కాలు ఉంటే నడుము మెలితిరుగుతుంది, దాన్ని పొట్ట కండరాలు నిమిష నిమిషం సరిదిద్దుతూ ఉండాలి.

మేము చూసినదీ అదే. ప్రతి గోడ దగ్గరా ఒకింత వెనకబడేది. నడిమికి వచ్చేసరికి మళ్ళీ అందుకొనేది. మళ్ళీ గోడ, మళ్ళీ వెనకబాటు. నా కుడిచెయ్యి ముందు కుర్చీ వీపును పట్టుకొని ఉందని మా అమ్మాయి చెబితే గాని నాకు తెలియలేదు. వెనక వరసలో పాపం అన్నాయన సగం దూరం అయ్యేసరికి "కమాన్, కమాన్" అని అరుస్తున్నాడు. రెండో స్థానం వచ్చింది. రజతం. ఆ క్రీడల్లోనే 400 మీటర్లలో కాంస్యం. ఈ రెండు పతకాలూ రెండు కాళ్ళున్నవాళ్ళతో పోటీపడి తెచ్చుకొన్నవే, అదే ఏడాది ఆలిండియా స్థాయిలాగా ఆఫ్రికా ఖండానికంతటికీ జరిగే ఆల్ ఆఫ్రికా క్రీడల్లో 800 మీటర్ల బంగారు పతకం కూడా అంతే.

బయటికొచ్చాక మా అమ్మాయికి 1976 నాటి కథ చెప్పాను. అంతకుముందు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అది చాలాసేపు ఏమీ మాట్లాడక, "ఆ వ్రాసుకొనేవాడి పేరేమిటి నాన్నా?" అంది. చెప్పలేదు, ఇప్పుడూ చెప్పడంలేదు.

ఏథెన్స్ వికలాంగుల ఒలింపిక్స్‌లో, 2004లో, నటాలీ అయిదు బంగారు పతకాలూ ఒక రజతమూ గెలిచింది. ఆవిడ మనసు మాత్రం రెండో ఒలింపిక్స్ మీదనే ఉంది. అదృష్టవశాత్తు 2008 బీజింగ్‌లో కొత్తగా పది కిలోమీటర్ల మారథాన్ ఈత చేర్చారు. కొలనులో కాదు, ఆరుబయట నీళ్ళలో. అంటే ఏమన్నమాట? గోడలు లేవు. తన్నవలసిన పనే లేదు. ఒక్కసారి దూకితే రెండు గంటలపాటు భుజాలే. మా మామయ్య ఉండి ఉంటే "కాలువ ఈత" అనేవాడు.

ఆ ఏడాది మే నెలలో స్పెయిన్‌లోని సెవిల్‌లో ప్రపంచ పోటీ జరిగింది. మొదటి పదిమందికి ఒలింపిక్స్ ప్రవేశం. నటాలీ నాలుగో స్థానంలో వచ్చింది. మొదట వచ్చిన రష్యా అమ్మాయి లారిసా ఇల్చెంకోకూ ఆమెకూ తేడా 5.1 సెకన్లు. పది కిలోమీటర్లు ఈది అయిదు సెకన్లు! బీజింగ్ ప్రారంభోత్సవంలో దక్షిణాఫ్రికా జెండా ఆమె చేతికిచ్చారు. కొద్ది వారాలకు వికలాంగుల ఒలింపిక్స్‌లోనూ ఆవిడే మోసింది. ఒకే ఏడాది రెండింటిలోనూ జెండా మోసిన మొదటి మనిషి ఆవిడే.

పోటీ ఆగస్టు 20న. ఆ రోజు మన దేశంలో ఎవరి చూపూ ఈత మీద లేదు. కుస్తీలో సుశీల్ కుమార్‌కు కాంస్యం వచ్చింది, బాక్సింగులో విజేందర్ సెమీస్ చేరాడు. టీవీలన్నీ అదే మోత. నేను రాత్రి దాకా వెతికి వెతికి ఫలితం తెలుసుకొన్నాను. 25 మందిలో 16వ స్థానం. 2 గంటల 49.9 సెకన్లు. ఇల్చెంకోది 1 గంట 59 నిమిషాల 27.7 సెకన్లు. తేడా 1 నిమిషం 22 సెకన్లు.

మరునాడు ఆఫీసులో చెబితే, "పదహారా! ఇంతకీ పతకం రాలేదన్నమాట" అన్నారు. నటాలీకి కూడా సంతోషం లేదట, మొదటి అయిదుగురిలో ఉండాలనుకొన్నాను అని పత్రికలవాళ్ళతో చెప్పింది. ఆ మాట చదివి నేను ఎంత ఆనందించానో చెప్పలేను. ఒంటికాలితో ఒలింపిక్స్‌కు వచ్చాను, అదే చాలు అని ఆవిడ అనలేదు. ముఖ్య అతిథి ముందు ఒంటరి లెంగ్తు ఈదడానికి వచ్చిన మనిషి కాదు మరి. గడియారం ఎంత చూపిస్తే అంత, దానిమీద అసంతృప్తి పడే హక్కు కూడా పోటీదారుడికే ఉంటుంది, ప్రదర్శనకారుడికి ఉండదు. ఆమె తరువాత మొత్తం మీద వికలాంగుల ఒలింపిక్స్‌లో 13 బంగారు పతకాలు గెలిచింది. నాకు ఆ పదమూడూ ఒక ఎత్తు, ఈ పదహారో స్థానం ఒక ఎత్తు.

అయితే ఇక్కడ మా అమ్మాయి నాతో ఒప్పుకోదు. తానిప్పుడు ఫిజియోథెరపిస్టు. "మీ మాట వింటే వికలాంగుల పోటీలు ఏదో తక్కువరకమన్నట్టుంది నాన్నా" అంటుంది. అది చెప్పేదాంట్లో న్యాయముంది. ఈతలో శరీర లోపాన్నిబట్టి ఎస్1 నుంచి ఎస్10 దాకా తరగతులు చేశారు, అంకె తగ్గినకొద్దీ లోపం ఎక్కువ. నటాలీది ఎస్9. కొలిచేది లోపం పేరును కాదు, నీళ్ళలో ఆ మనిషికి ఎంత శక్తి మిగిలిందన్నది. అందుకే కాలు లేనివాడూ చెయ్యి లేనివాడూ ఒకే తరగతిలో పక్కపక్క లేన్లలో ఉండవచ్చు. "సుశీల్ కుమార్ ఈదింది, అదే, కుస్తీపట్టింది 66 కిలోల తరగతిలో. వంద కిలోలవాడితో పట్టలేదేమని ఎవరైనా అడిగారా?" అంటుంది. దీనికి జవాబు నా దగ్గర లేదు. నన్ను 1976లో ఆపిన రెండు చేతుల రూలును కూడా ఈ పోటీల్లో మార్చి వ్రాశారు. రెండు చేతుల పొడవూ సమానంగా లేనివాడు పొడుగు చెయ్యి ఒక్కటి తాకిస్తే చాలు. అసలు చేతులే లేనివాడు తలతో తాకవచ్చు. అయినా నా మనసు మాత్రం ఆ పదహారు దగ్గరే ఉంటుంది. పాతకాలపు మనిషిని, ఏం చేస్తాం.

నటాలీ మళ్ళీ మన దేశానికి 2010లో వచ్చింది, ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలకు. బంగారు పతకాలతోనే వెళ్ళింది. ఆ కొలనులోనే ప్రశాంత కర్మాకర్ అనే బెంగాలీ యువకుడు 50 మీటర్ల ఎస్9 పోటీలో కాంస్యం తెచ్చాడు. కామన్వెల్త్ క్రీడల చరిత్రలో ఈతలో భారతదేశానికి వచ్చిన మొదటి పతకం అది. చిన్నప్పుడు ప్రమాదంలో కుడిచెయ్యి పోయినవాడు. రెండు చేతులున్న మనవాళ్ళెవరూ అప్పటిదాకా తేలేకపోయారని నేను సంతోషంగా వ్రాస్తున్నాను, క్షమించాలి. తరువాత 2014లో ఇంచియాన్ పారా ఆసియా క్రీడల్లో బెంగుళూరు కుర్రవాడు శరత్ గైక్వాడ్ ఆరు పతకాలు గెలిచాడు. 1986 సియోల్‌లో పి.టి. ఉష అయిదు గెలిచిన సంగతి నా ఈడువాళ్ళకు కంఠతా వచ్చు. శరత్‌కు ఎడమచెయ్యి పుట్టుకతోనే నా చెయ్యిలాగా పూర్తిగా లేదు. ఈ వార్త చదివిన రోజున మా ఆవిడ పాయసం చేసింది. కారణం అడిగితే "ఊరికే" అంది.

మన విశ్వవిద్యాలయం పిల్లలు ఇప్పుడు ఈత పోటీలకు పేరిచ్చేటప్పుడు ఫారంలో ఏం అడుగుతున్నారో నాకు తెలియదు. కార్యదర్శి కుర్రవాణ్ణి కనుక్కొమ్మన్నాను.

నటాలీ కేప్‌టౌన్ విశ్వవిద్యాలయంలో జన్యుశాస్త్రం, శరీరధర్మశాస్త్రం చదివింది. ఆఖరి పోటీలు 2012 లండన్‌లో. మూడు బంగారు పతకాలు వచ్చాయి. చిట్టచివరిది 100 మీటర్ల ఫ్రీస్టైల్. అందులో ఆస్ట్రేలియా అమ్మాయి ఎలీ కోల్ ముందు తాకింది. చిన్నతనంలోనే క్యాన్సర్ వల్ల కుడికాలు తీసేసిన పిల్ల, నటాలీ కంటే ఏడెనిమిదేళ్ళు చిన్నది. ఒకరికి ఎడమకాలు లేదు, ఒకరికి కుడికాలు లేదు. రెండో స్థానంలో గోడ తాకి, బోర్డు మీద టైము చూసుకొని, పక్క లేన్‌వాళ్ళను అభినందించి, ఆవిడ పోటీ ఈత మానేసింది.